82,000 కిలోమీటర్ల దగ్గర కొన్న ఆటోమేటిక్ సెడాన్: రెండున్నరేళ్ల లెక్క

ఈ కారు నా చేతికి వచ్చిన రోజు ఓడోమీటరులో ఉన్న అంకె 82,140. ఇవాళ పొద్దున చూస్తే 1,21,306. ఈ ముప్పై తొమ్మిది వేల పైచిలుకు కిలోమీటర్లలో ఇంజిన్ నన్ను ఒక్కసారి కూడా ఇబ్బంది పెట్టలేదు. ఇబ్బంది అంతా ఇంజిన్‌కీ చక్రాలకీ మధ్య ఉన్న సరంజామాతోనే. అందుకే ఈ సమీక్షలో సీట్లు, పాటల పెట్టె, డిక్కీ వైశాల్యం గురించి పెద్దగా ఉండదు. బండికి ఎనిమిదేళ్లు నిండాక కొన్నాను. పెట్రోలు ఇంజిన్, ఆరు గేర్ల ఆటోమేటిక్ గేరుబాక్సు, శక్తి ముందు చక్రాలకు వెళుతుంది. ఇలాంటి అమరిక ఎన్నో సెడాన్లలో కాస్త అటూ ఇటూగా ఒకేలా ఉంటుంది కాబట్టి, బ్యాడ్జి పేరు కన్నా లక్షణాలు చెబితేనే చదివేవాళ్లకు ఉపయోగం.

నేను ఆసుపత్రి ల్యాబులో టెక్నీషియన్‌ని. రోజంతా నమూనాల రంగు చూడడం, చీటీ అంటించడం, అంకె రాసిపెట్టడం నా పని. ఆ అలవాటు కారు దాకా పాకింది. చేతితొడుగుల అర కోసం తయారైన చోట నా బండిలో ఒక నోటుబుక్కు, ఒక పెన్ను, నాలుగు ఖాళీ నమూనా సీసాలు ఉంటాయి. ఇంట్లోవాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి, ఈ సమీక్షంతా ఆ పుస్తకం చూసి రాస్తున్నదే.

మొదటి పొరపాటు నాదే. బండి చూడడానికి వెళ్లేసరికి అమ్మే ఆయన దాన్ని బయటకు తీసి, స్టార్ట్ చేసి సిద్ధంగా ఉంచాడు. మర్యాద అనుకున్నాను. బానెట్ మీద చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది, ఎండకు అనుకున్నాను. పావుగంట నడిపాను. గేర్లు వెన్నలా పడ్డాయి. సంతకం పెట్టేశాను.

మర్నాడు పొద్దున అసలు బండిని కలిశాను. రాత్రంతా నిలిచి ఉన్న కారును స్టార్ట్ చేసి, లివర్‌ను రివర్సులో పెట్టి బ్రేక్ మీద నుంచి కాలు తీస్తే బండి కదల్లేదు. ఒకటి, రెండు అని లెక్కపెట్టేంత సేపు ఏమీ లేదు. తర్వాత ఎవరో వెనక నుంచి తోసినట్టు ధభీమని ఒక కుదుపు, ఆపై మామూలు. రెండోసారి పెడితే వెంటనే పడింది. సాయంత్రం ఇంటికి వచ్చేటప్పుడు ఆ జాడే లేదు. మూడు రోజులు వరసగా గడియారం పెట్టి చూశాను: రాత్రి నిలిచాక రెండు సెకన్లు, నాలుగు గంటలు నిలిచాక అర సెకను, వేడి మీద సున్నా. బండి నిలిచి ఉన్న కొద్దీ, ఇంజిన్ శక్తిని ఆయిల్ ద్వారా గేరుబాక్సుకు అందించే టార్క్ కన్వర్టర్‌లోని ఆయిల్ మెల్లగా కిందికి దిగిపోతుంది, పొద్దున పంపు దాన్ని మళ్లీ నింపి, క్లచ్‌లను నొక్కేంత ఒత్తిడి తెచ్చేదాకా గేరు పట్టదు. మట్టం సరిగ్గా ఉంటే ఆ ఆలస్యం మనకు తెలియనంత చిన్నది. తక్కువైతే తెలుస్తుంది. ఇదంతా తర్వాత నేర్చుకున్నదే. అప్పటికి నాకు తెలిసింది బండి బద్ధకంగా నిద్ర లేస్తోందని మాత్రమే.

అసలు తలనొప్పి 84,000 దగ్గర మొదలైంది. గంటకు 58 కిలోమీటర్ల వేగం, నాలుగో గేరు, యాక్సిలరేటర్ మీద కాలు ఆనీ ఆనకుండా ఉంది. రోడ్డు అంచున గరుకు చారల మీద చక్రం ఎక్కితే కారంతా ఎలా గరగరలాడుతుందో, సరిగ్గా అలా ఒక వణుకు. రెండు మూడు సెకన్లు. కాలు కాస్త గట్టిగా నొక్కితే మాయం, పూర్తిగా తీసేసినా మాయం. పక్కన పెట్టిన సీసాలో నీళ్ల మీద సన్నని వలయాలు లేచి ఆగిపోవడం కళ్లారా చూశాను. మొదట టైర్లనుకున్నాను. ల్యాబులో నమూనాలను గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్‌లో ఎదురెదురు గొట్టాలు సమంగా నింపకపోతే యంత్రం ఊగుతుంది, వేగం పెరిగేకొద్దీ ఊగడం కూడా పెరుగుతుంది. చక్రం బ్యాలెన్సు తప్పినా లెక్క అదే. కాలు ఎంత నొక్కామన్నది దానికి పట్టదు, వేగమే ముఖ్యం. ఇది మాత్రం నా కాలి బరువును బట్టి వస్తోంది, పోతోంది. కనుక చక్రం కాదు.

మొదటి వర్క్‌షాపులో స్కానర్ పెట్టి, కారు కంప్యూటర్ నమోదు చేసే లోపం కోడ్ ఏదీ లేదు కాబట్టి గేరుబాక్సు బాగానే ఉందని తేల్చారు. స్పార్క్ ప్లగ్గులు నాలుగూ, ఒక ఇగ్నిషన్ కాయిలూ మార్చారు. ఊహ తప్పు కాదు, ఇంజిన్‌లో ఒక సిలిండర్ మండకపోయినా వణుకు ఇంచుమించు ఇలాగే ఉంటుంది. ప్లగ్గుల గడువు కూడా ఎలాగూ దాటింది. కానీ వణుకు మర్నాడే పలకరించింది. రెండో వర్క్‌షాపులో ఒక చుట్టు తిప్పి దిగుతూనే గేరుబాక్సు విప్పాలన్నారు. వాళ్లు చెప్పిన మొత్తం బండి కొన్న ధరలో దాదాపు మూడో వంతు. ఏ భాగం పోయిందని అడిగితే, విప్పితేగాని తెలియదన్నారు. రోగి కడుపునొప్పి అంటే కోసి చూద్దామన్నట్టుంది. నేను తాళాలు తీసుకుని వచ్చేశాను.

మూడో ఆయన ఆటోమేటిక్ గేరుబాక్సులు మాత్రమే చూస్తాడు. వయసు మీద పడ్డ మనిషి, మాటలు తక్కువ. నన్నే నడపమని, తను పక్కన కూర్చున్నాడు. వణుకు మొదలవగానే, "ఎడమ కాలితో బ్రేక్‌ను ముట్టుకోండమ్మా. నొక్కొద్దు, ఎర్రలైటు వెలిగేంత చాలు" అన్నాడు. ఖాళీ రోడ్డు కాబట్టి చేశాను. వణుకు కత్తిరించినట్టు ఆగింది. కాలు తీస్తే మళ్లీ వచ్చింది. "ఇంజిన్ తప్పయితే బ్రేక్ లైటుకు భయపడదు కదా" అన్నాడు. ఆ రోజు ఆయన చెప్పిన అతి పొడవైన వాక్యం అదే.

దాని వెనక సంగతి ఇది. టార్క్ కన్వర్టర్‌లో ఇంజిన్ వైపు రెక్కలు ఆయిల్‌ను విసురుతాయి, గేరుబాక్సు వైపు రెక్కలు దాన్ని అందుకుని తిరుగుతాయి. మధ్యలో ఉన్నది ద్రవమే కాబట్టి ఎప్పుడూ కొంత జారుడు, ఆ మేరకు ఇంధనం వృథా. దాన్ని ఆపడానికి నిలకడ వేగంలో రెండు వైపులనూ నేరుగా కలిపేసే లాకప్ క్లచ్ ఒకటి లోపల ఉంటుంది. ఇది ఈమధ్య ఆలోచన కాదు. అమెరికాలో ప్యాకార్డ్ కంపెనీ 1949లోనే తన అల్ట్రామాటిక్ గేరుబాక్సులో పెట్టింది. బ్రేక్ ముట్టుకోగానే కంప్యూటర్ ఆ క్లచ్‌ను వదిలేస్తుంది. వదలగానే వణుకు పోయిందంటే, ఆ క్లచ్ సరిగా పట్టలేక పట్టి జారి, పట్టి జారి కొట్టుకుంటోందన్నమాట. తన స్కానర్‌లో రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూపించాడు: ఇంజిన్ వేగం, గేరుబాక్సు లోపలికి వెళ్లే షాఫ్టు వేగం. లాకప్ పడ్డాక ఆ రెండూ ఇంచుమించు కలిసి నడవాలి. నా బండిలో కలుస్తున్నాయి, విడిపోతున్నాయి, మళ్లీ కలుస్తున్నాయి. కోడ్ మాత్రం లేదు. ఆ జారుడు ఇంకా ముదిరి, కంప్యూటర్ పెట్టుకున్న హద్దు దాటితే అప్పుడు పి0741 లాంటి కోడ్ పడుతుందట. కోడ్ లేనంత మాత్రాన జబ్బు లేనట్టు కాదని ల్యాబులో పనిచేసే నాకు ఒకరు చెప్పాల్సి రావడం కాస్త సిగ్గుగానే అనిపించింది.

ఆయిల్ ఎప్పుడు మార్చారని అడిగాడు. సర్వీసు పుస్తకం తిరగేస్తే ఎనిమిదేళ్లలో ఒక్క నమోదూ లేదు. పైగా యజమాని పుస్తకంలో గేరుబాక్సు ఆయిల్ జీవితకాలం పనిచేస్తుందని రాసి ఉంది. ఎవరి జీవితకాలమో రాయలేదు. గేరుబాక్సులు తయారు చేసే జర్మనీ సంస్థ జెడ్ఎఫ్ తన ఆటోమేటిక్‌లకు వాడకాన్ని బట్టి 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య, లేదా 8 ఏళ్లకు ఆయిల్ మార్చమని చెబుతుంది. నా కారులో ఉన్నది వాళ్ల పెట్టె కాదు, అయినా లోపల తిరిగే ఉక్కు, కాలే ఆయిల్ వేరే జాతివేమీ కావు కదా.

85,300 దగ్గర మొదటిసారి కింది బోల్టు విప్పారు. నేను పక్కనే మోకాళ్ల మీద కూర్చున్నాను. కొత్త ఆటోమేటిక్ ఆయిల్ తాజా రక్తం కన్నా పలచని ఎరుపులో, వెలుగుకు పెడితే ఆవలి వైపు కనిపించేలా ఉంటుంది. నా గేరుబాక్సులోంచి కారింది గొట్టంలో రెండు రోజులు మరిచిపోయిన నమూనాలా ఉంది; నలుపుకు దగ్గరైన గోధుమ రంగు, మాడిన వాసన. ఒక చుక్క వడపోత కాగితం మీద వేశాను. మంచి ఆయిల్ అయితే ఒకే రంగుతో మెల్లగా విస్తరిస్తుంది. ఇది నడిమధ్య నల్లని మచ్చగా నిలిచిపోయి, చుట్టూ నీళ్లలాంటి పసుపు వలయం వదిలింది. కొలపాత్రలో పోసి చూస్తే 2.9 లీటర్లు. మామూలుగా 3.5 దాకా రావాలట. అంటే పొద్దుటి బద్ధకానికి కారణం కూడా ఆ గిన్నెలోనే దొరికింది.

తర్వాత అడుగు తట్ట దించారు. దాని లోపల నాలుగు మూలల్లో అయస్కాంతాలు ఉంటాయి. ఒక్కోదాని మీద బూడిద రంగు ముద్ద, దువ్వని జుట్టులా నిక్కబొడుచుకుని ఉంది. నా గుండె జారింది. మెకానిక్ గారు ఆ ముద్దను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి, నన్నూ నలపమన్నారు. మెత్తగా, కాటుకలా ఉంది. "ఇది అరుగుదల. ఎనభై వేలకు ఈ మాత్రం ఉంటుంది. వేలికి గుచ్చుకునే పెళుసు ముక్క తగిలితే అప్పుడు మాట్లాడుకుందాం" అన్నారు. నాలుగు అయస్కాంతాలూ నేనే తుడిచాను. ఏదీ గుచ్చుకోలేదు.

మొత్తం ఆయిల్ సుమారు 7 లీటర్లు. బోల్టు విప్పితే వచ్చేది సగమే, మిగతాది కన్వర్టర్‌లోనూ కూలర్ గొట్టాల్లోనూ ఉండిపోతుంది. యంత్రం పెట్టి అంతా ఒకేసారి తోసేసే పద్ధతి ఉంది కానీ, ఎన్నడూ మార్చని పెట్టెకు ఆ తోపుడు వద్దన్నాడాయన. దించి నింపడం, అయిదు వందల కిలోమీటర్లు తిరగడం, మళ్లీ దించడం, అలా మూడుసార్లు. ఆయన చెబుతుండగానే నాకు నవ్వొచ్చింది. ఇది మేం రోజూ చేసే వరుస పలుచన. మొదటిసారికి పాతది సగం, రెండోసారికి పావు, మూడోసారికి ఎనిమిదో వంతు. మూడు విడతల్లో 87.5 శాతం కొత్తది. నాలుగోదానికి ఖర్చు ఎక్కువ, లాభం తక్కువ. మూడు సీసాల్లో మూడు నమూనాలు పట్టుకున్నాను. వరసగా పెడితే పాఠ్యపుస్తకంలో బొమ్మలా ఉన్నాయి.

రెండో విడత తర్వాత వణుకు పలచబడింది. మూడో విడతతో పూర్తిగా పోయింది. అయితే ఆ మూడో విడత రోజున పెద్దాయన లేడు, ఆయన దగ్గర పనిచేసే కుర్రవాడు చేశాడు. నేను నలభై నిమిషాలు నడిపి వెళ్లగానే బండి ఎత్తి పని మొదలుపెట్టాడు. మర్నాడు పొద్దున రివర్సు పడడానికి మూడు సెకన్లు. కొన్ననాటి కన్నా అన్యాయం.

ఈ గేరుబాక్సుకు మట్టం చూసే కడ్డీ లేదు. తయారీదారుల మీద నాకున్న పెద్ద ఫిర్యాదు ఇది. కడ్డీ ఉంటే కాగితంతో తుడిచి రంగు, వాసన, మట్టం మూడూ అర నిమిషంలో తెలిసేవి. దానికి బదులు పక్కన ఒక తనిఖీ బోల్టు ఉంటుంది. ఇంజిన్ నడుస్తూ ఉండాలి, బండి సమతలంగా ఉండాలి, లివర్‌ను ప్రతి గేరులోనూ ఒకసారి పెట్టి తీయాలి, లోపలి ఆయిల్ 35 నుంచి 45 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు ఆ బోల్టు విప్పాలి. సన్నని ధార చుక్కలుగా మారితే మట్టం సరిపోయినట్టు. ఆ డిగ్రీలు ఒక్కో పెట్టెకు ఒక్కోలా ఉంటాయి. కుర్రవాడు కాగే ఆయిల్‌తో బోల్టు విప్పాడు. వేడికి ఉబ్బిన ఆయిల్ ఎక్కువగా బయటకు పోయింది, అతను మట్టం కుదిరిందనుకున్నాడు. చల్లారాక అది కాస్తా కిందికి దిగిపోయింది. రెండు రోజుల తర్వాత పెద్దాయన స్కానర్‌లో ఉష్ణోగ్రత చూస్తూ మళ్లీ పోస్తే 400 మిల్లీలీటర్లు పట్టింది. అప్పటి నుంచి పొద్దుటి ఆలస్యం నా గడియారానికి అందనంత చిన్నదైపోయింది. ఇదే కారు ఉన్నవాళ్లు ఆయిల్ మార్పించాక బండి పాడైందని అంటే నేను మొదట అడిగేది ఒక్కటే: బోల్టు విప్పినప్పుడు ఆయిల్ ఎన్ని డిగ్రీలుంది? ఇంతవరకు ఒక్కరూ జవాబు చెప్పలేదు.

ఇక 91,000 దగ్గర వచ్చిన ధభీమనే చప్పుడు. పార్కు నుంచి డ్రైవుకు, డ్రైవు నుంచి రివర్సుకు మార్చిన ప్రతిసారీ నేల కింద సుత్తితో కొట్టినట్టు. మళ్లీ గేరుబాక్సే అని నిద్ర పట్టలేదు. తీరా చూస్తే ఇంజిన్ కింది మౌంటింగులో రబ్బరు రెండుగా చీలిపోయింది. శక్తి దిశ మారినప్పుడల్లా ఇంజిన్, గేరుబాక్సు రెండూ కలిసి ముందుకో వెనక్కో ఒరుగుతాయి, ఆ ఒరుగును పట్టి ఆపేది ఈ చిన్న ముక్కే. బానెట్ ఎత్తి, హ్యాండ్ బ్రేక్ వేసి, మా తమ్ముడు బ్రేక్ గట్టిగా తొక్కి గేర్లు మారుస్తుంటే నేను పక్క నుంచి చూశాను. ఇంజిన్ గుప్పెడు ఎత్తు లేచి పడుతోంది. పక్క నుంచే చూడాలి, బండికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు. మౌంటింగ్ ధర ఆయిల్ ఖర్చు కన్నా తక్కువ, పని అరగంట. ఈ కారు మీద నేను పెట్టిన డబ్బులో అన్నిటికన్నా గిట్టుబాటైనది అదే.

వాలులో నిలిపి తీసేటప్పుడు వచ్చే టక్ వేరు, అది జబ్బు కాదు. పార్కులో బండిని ఆపేది గేరుబాక్సు లోపల వేలెడంత కొక్కెం. హ్యాండ్ బ్రేక్ వేయకుండా బరువంతా దాని మీద వేలాడదీస్తే, వదిలేటప్పుడు అరుస్తుంది మరి. ముందు హ్యాండ్ బ్రేక్, తర్వాత పార్కు అనే వరస అలవాటు చేసుకున్నాక ఆ చప్పుడు లేదు.

1,03,000 దగ్గర ఆసుపత్రి పార్కింగులో స్టీరింగ్ పూర్తిగా ఎడమకు తిప్పి బయటకు వస్తుంటే కుడి చక్రం దగ్గర కటకట. నెమ్మదిగా వెళితే నెమ్మదిగా, కాస్త వేగం ఇస్తే వేగంగా. ఎవరో పూసలు లెక్కపెడుతున్నట్టు. ఇది అనుమానం లేని రోగం, సీవీ జాయింటు. చక్రం తిరుగుతూనే పక్కలకు వంగాలి కాబట్టి, గేరుబాక్సు నుంచి చక్రానికి శక్తిని చేర్చే డ్రైవ్ షాఫ్టు చివర పంజరంలో ఆరు బంతులు అమర్చిన కీలు ఉంటుంది. 1920ల్లో ఫోర్డ్‌లో పనిచేసిన ఆల్‌ఫ్రెడ్ జెప్పా అనే ఇంజినీర్ రూపొందించిన ఏర్పాటు అది. ముందు చక్రాలతో నడిచే కార్లలో నేటికీ చాలావాటికి అదే ఆధారం. దాని ఆయుష్షంతా పైన తొడిగిన రబ్బరు బూటు చేతిలో ఉంది. నా బండిలో బూటు ముడతలో చీలింది, తిరిగే వేగానికి గ్రీజు చిమ్మి చక్రం లోపలి అంచు మీద నల్లని అర్ధచంద్రంలా అంటుకుంది. గ్రీజు పోయిన చోటికి ఇసుక, నీళ్లు చేరాయి. బూటు చీలిన రోజే చూసి ఉంటే తొడుగు, గ్రీజు మారిస్తే సరిపోయేది. నేను కార్ల అడుగు చూడడం అప్పటికి ఇంకా నేర్చుకోలేదు. షాఫ్టు మొత్తం మార్పించాను.

మార్చిన పదో రోజున పార్కింగులో ఎర్రని చుక్కలు. షాఫ్టు లాగేటప్పుడు గేరుబాక్సు పక్కన ఉన్న ఆయిల్ సీల్ పెదవికి గీత పడిందట. పాత షాఫ్టు తీసినప్పుడు సీల్ కూడా కొత్తది వేయడం తెలిసినవాళ్ల పద్ధతి. చేసినవాళ్లు ఆ చిన్న రింగు దగ్గర పొదుపు చేశారు, నేను మళ్లీ ఒక పూట సెలవు పెట్టాను. పోయిన ఆయిల్ ఎంతో చూసి నింపించాను, ఈసారి డిగ్రీలు నేనే చదివాను.

ఇదే కారు ఉన్న నా సహోద్యోగి అనుభవం ఇంకో దారిలో నడిచింది. ఆవిడ బండి ఒక రోజు మూడో గేరులోనే బిగుసుకుపోయింది. ఎంత తొక్కినా మారదు. ఇది గేరుబాక్సు తనను తాను కాపాడుకునే పద్ధతి; ఏదో సంకేతం తప్పగానే ఒక్క గేరులో ఉండిపోయి మనల్ని ఇంటికి చేరుస్తుంది. చివరికి తేలింది బ్యాటరీ. స్టార్ట్ అయ్యేటప్పుడు వోల్టేజి పడిపోయి గేరుబాక్సు కంప్యూటర్ తికమక పడుతోంది. కొత్త బ్యాటరీతో ఆ కథ ముగిసింది. తర్వాత ఆవిడకే 70 దాటితే హోరున మూలుగు. స్టీరింగ్‌ను కాస్త ఎడమకు వంచితే పెరుగుతోంది, కుడికి వంచితే తగ్గుతోంది. బరువు ఒక వైపు నుంచి మరో వైపుకు మారినప్పుడు మారే మూలుగు సాధారణంగా వీల్ బేరింగుది. అక్కడా గేరుబాక్సుకు నిందే మిగిలింది. మా ఇద్దరి బండ్లూ కలిపి చూస్తే గేరుబాక్సు అనుకున్న ఫిర్యాదుల్లో సగానికి పైగా దాని పొరుగువాళ్లవే.

నిజంగా గేరుబాక్సువే అయినవి లేవని కాదు. చల్లని పొద్దున రెండు నుంచి మూడుకు మారేటప్పుడు ఇంజిన్ ఒక్క క్షణం వట్టినే లేచి, తర్వాత గేరు అందుకుంటుంది. ఆయిల్ మారాక తగ్గింది, పోలేదు. పాత అరుగుదలకు అలవాటు పడిన కంప్యూటర్ లెక్కలను చెరిపి కొత్తగా నేర్పించారు. మొదటి రెండు రోజులు గేర్లు మొరటుగా పడ్డాయి, ఆపై కుదురుకున్నాయి. అయినా మొదటి అయిదు నిమిషాలు నేను యాక్సిలరేటర్‌ను పసిబిడ్డ తలలా ముట్టుకుంటాను. లోపలి క్లచ్ పలకలు కొంత అరిగాయి, అది ఆయిల్‌తో తిరిగి రాదు. 1,16,000 దగ్గర పొడవైన ఎగువలో ఆ పాత వణుకు కూడా రెండుసార్లు తొంగిచూసింది. ఒక విడత ఆయిల్ మార్పించాను, అయిదు వేల కిలోమీటర్లుగా కనబడలేదు. కన్వర్టర్ ఒకనాటికి మార్చక తప్పదని మెకానిక్ గారు ముందే చెప్పారు. ఆ డబ్బు వేరుగా పెట్టుకున్నాను.

గేర్లు ఎంచుకునే తెలివి కూడా నాకు నచ్చదు. ఇంధనం మిగల్చాలనే ఆరాటంలో 50 దాటగానే అయిదోదానికి ఎగబాకుతుంది, చిన్న ఎగువ తగలగానే నాలుగుకు దిగుతుంది, మళ్లీ ఎక్కుతుంది. ప్రతి ఎక్కుదిగులోనూ లాకప్ పట్టీ వదిలీ వేడెక్కేది అదే ఆయిల్. ఎగువల్లో లివర్‌ను పక్కకు జరిపి మూడో గేరులోనో నాలుగో గేరులోనో నేనే నిలిపి ఉంచుతాను. ఇంజిన్ కాస్త గట్టిగా వినిపిస్తుంది, పెట్టె మాత్రం ప్రశాంతంగా ఉంటుంది.

మిగతా కారు గురించి చెప్పాలంటే, సస్పెన్షన్ బాగుంది, నైట్ డ్యూటీ దిగి నడిపినా నడుము నొప్పి రాదు, తలుపు వేస్తే బరువైన చప్పుడు. ఏసీ చల్లన. అయిదు చుక్కల్లో కారుకు నాలుగు ఇస్తాను. గేరుబాక్సుకు రెండున్నర, అందులో అర చుక్క నా మెకానిక్ గారిది. ఇలాంటిది కొనబోతున్నవాళ్లు నన్ను అడిగితే, చూడడానికి వస్తున్న సంగతి తెల్లవారుజామున మాత్రమే చెప్పమంటాను. బానెట్ వెచ్చగా ఉంటే కాఫీకి వచ్చినట్టు కూర్చుని వెనక్కి వచ్చేయమంటాను. చల్లని బండిలో రివర్సు పడడానికి ఎన్ని సెకన్లో లెక్కపెట్టండి, 55 నుంచి 65 మధ్య కాలు ఆనించి ఒక అయిదు నిమిషాలు నడపండి, స్టీరింగ్ రెండు వైపులా చివరిదాకా తిప్పి గుండ్రంగా తిరగండి, చక్రాల లోపలి అంచు మీద టార్చి వేయండి. ఆయిల్ మార్చిన కాగితం లేకపోతే మూడు విడతల ఖర్చు బేరంలో తీసేయండి.

ఇంట్లో కిటికీ పక్కన ఆ నమూనా సీసాలు ఇప్పుడు అయిదు. మొదటిదాని వెనక వేలు పెడితే వేలు కనబడదు. 1,16,000 నాటిదాని వెనక పెడితే గోరు చివర కూడా తెలుస్తోంది. నిన్న టార్చి పట్టుకుని కిందికి వంగితే ఎడమ పక్క బూటు ముడతలో గోరంత పగులు కనిపించింది. గ్రీజు ఇంకా బయటకు రాలేదు, జాయింటు చప్పుడు చేయడం లేదు. శనివారం బూటు, క్లాంపులు, కొత్త గ్రీజు. షాఫ్టు లాగాల్సి వస్తే సీల్ కూడా మార్చాలని నోటుబుక్కులో కింద గీత గీసి రాశాను.